ఆ సూదిలో ఏముందో ముందు అడుగు నాయనా

నువ్వు రాసింది క్లుప్తంగా మళ్ళీ చెప్తాను, చదివే మిగతావాళ్ళకు కూడా అర్థమవుతుంది. వయసు 19, చంద్రగిరి దగ్గర ఊరు, డిగ్రీ రెండో సంవత్సరం. 800 మీటర్లు 1 నిమిషం 58 సెకన్లలో పరిగెత్తుతున్నావు, మొదటి రౌండు 55, రెండోది 63. యూనివర్సిటీ సెలక్షన్‌కి ఇంకో రెండు మూడు సెకన్లు తగ్గాలి. జిమ్‌లో అన్న ఎనిమిది వారాల "కోర్సు" చేసుకోమన్నాడు, సూదులు, మాత్రలు కలిపి 18 వేలు, మీట్‌కి 20 రోజుల ముందు ఆపేస్తే పరీక్షలో దొరకవు, అందరూ చేసుకుంటున్నదే అన్నాడు. చేసుకోవచ్చా సార్ అని అడిగావు. చివర్లో వారం నుంచి దగ్గు తగ్గలేదని, మెడికల్ షాపులో సిరప్ ఇచ్చారని మాటవరసకి రాశావు. దాని గురించి నువ్వేమీ అడగలేదు గానీ నాకు ఆ సిరప్ కూడా భయమే, అందుకే రెండిటికీ జవాబు చెప్తాను.

కోర్సు చేసుకోవద్దు, అందులో ఉండేవి స్టెరాయిడ్లు. ఇంకా డబ్బు కట్టకపోతే కట్టొద్దు, కట్టేసి ఉంటే ఆ డబ్బు పోయిందనుకో.

తిరుపతిలో 26 ఏళ్ళుగా 400, 800 పిల్లల్ని తయారుచేస్తున్నాను. స్టెరాయిడ్లు పనిచేయవు, అంతా ఉత్తదే అని నీకు అబద్ధం చెప్పను. పనిచేస్తాయి. మగ హార్మోన్ టెస్టోస్టెరాన్‌ని పోలిన మందులవి. కండలో ప్రొటీన్ కూడబెట్టే పనిని వేగం చేస్తాయి, ఈరోజు చచ్చేట్టు ప్రాక్టీస్ చేసినా రేపు మళ్ళీ లేచి చేయగలుగుతావు. పనిచేయకపోతే ఎవడూ వాటి జోలికి పోయేవాడు కాదు, నాకు ఇంత భయమూ ఉండేది కాదు. కానీ జిమ్‌లో ఇచ్చే కోర్సు చొక్కా విప్పి అద్దంలో చూసుకునేవాళ్ళ కోసం తయారైంది. దానితో వచ్చే నాలుగైదు కిలోల కండ, నీరు నువ్వు రెండు రౌండ్లూ మోసుకుని పరిగెత్తాలి. కండ పెరిగినంత త్వరగా ఎముకకూ కండకూ మధ్య ఉండే స్నాయువు గట్టిపడదు, అందుకే కోర్సులో ఉన్న స్ప్రింటర్ల తొడ నరాలు పట్టేయడం, మడమ పైన తెగడం మేం ఎక్కువగా చూస్తాం.

ఇప్పుడు ఆ "20 రోజుల ముందు ఆపేస్తే" మాట. ఆ అన్న దగ్గర ల్యాబ్ లేదు, ఆయన చెప్పేది ఇంకో జిమ్ అన్న చెప్పింది. నూనెలో కలిపి కండకు వేసే సూది మందులు కొన్ని నెలల తరబడి ఒంట్లో ఉంటాయి. మాత్రలు త్వరగా పోతాయంటారు, నిజమే, మాత్ర పోతుంది, కానీ కాలేయం దాన్ని విరగ్గొట్టాక మిగిలే ముక్కలు మూత్రంలో చాలా కాలం వస్తూనే ఉంటాయి, ల్యాబ్ వాళ్ళు వెతికేది వాటినే. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో బెన్ జాన్సన్ 100 మీటర్లు 9.79 సెకన్లలో పరిగెత్తి, స్టానొజొలాల్ అనే స్టెరాయిడ్‌తో దొరికి మెడల్ పోగొట్టుకున్నాడు. అది అప్పటి యంత్రాలతోనే. ఇప్పుడు శాంపిల్‌ని 10 ఏళ్ళ దాకా ఫ్రీజర్‌లో పెట్టి, కొత్త పద్ధతి రాగానే తీసి మళ్ళీ పరీక్ష చేయొచ్చు. 2008 బీజింగ్, 2012 లండన్ శాంపిల్స్‌ని అలా తీసి చూస్తే వందకు పైగా ఆటగాళ్ళు పట్టుబడ్డారు, మెడల్స్ ఏళ్ళ తర్వాత చేతులు మారాయి. టెస్టోస్టెరాన్ ఒంట్లో సహజంగా ఉండేదే కదా, ఎలా కనిపెడతారు అని నా పిల్లలు అడుగుతుంటారు. బయటినుంచి వచ్చినదాన్ని మొక్కల పదార్థంతో తయారు చేస్తారు, దానిలోని కార్బన్ లెక్క మన ఒంట్లో తయారైనదానికి తేడాగా ఉంటుంది, ఆ తేడాని కొలుస్తారు.

ఇక ఆ సీసా మీద రాసిందే లోపల ఉందని ఎవరు చెప్పారు నీకు? డాక్టర్ చీటీ లేకుండా, బిల్లు లేకుండా చేతులు మారే సరుకు అది.

నా పిల్లాడి సంగతి చెప్తాను. ఊరూ పేరూ చెప్పను. చిత్తూరు వైపు మామిడి తోటల ఊరి కుర్రాడు, షాట్‌పుట్ వేసేవాడు. చిత్తూరు మెసానికల్ గ్రౌండ్‌లో మొదలుపెట్టి తర్వాత నా దగ్గరికి వచ్చాడు. ఒక చలికాలంలో మూడు నెలల్లో మీటరున్నర దూరం పెరిగింది వాడికి. నేను ఎంత సంబరపడ్డానంటే, నేను కొత్తగా పెట్టిన వెయిట్ ట్రైనింగ్ పట్టుకుందనుకున్నాను. వీపు నిండా మొటిమలు, తెల్ల బనియన్ మీద చీము మరకలు, నేను చూశాను. ఒకరోజు గుండు ముందు ఎవరు వేయాలనే దాని మీద జూనియర్ కుర్రాడి గొంతు పట్టుకున్నాడు, అదీ చూశాను, వయసు అలాంటిదిలే అని సర్దిచెప్పాను. అన్నీ కళ్ళముందే ఉన్నా నేను అడగలేదు, ఆ తప్పు నాది, ఈరోజుకీ నాదే.

ఆలిండియా మీట్‌లో శాంపిల్ తీసుకున్నారు. కొన్ని వారాలకు కబురు ఈమెయిల్‌లో వచ్చింది, వాడికి మెయిల్ చూసే అలవాటు లేదు, ఇంటర్ చదివే చెల్లెలు చూసి నాకు ఫోన్ చేసింది. మర్నాడు వాళ్ళ నాయన బస్సు దిగి గ్రౌండ్‌కి వచ్చాడు, భుజం మీద తువ్వాల, చేతిలో సంచి నిండా కాయలు, ఆ సమయంలో కూడా వట్టి చేతులతో రాలేదు ఆ మనిషి. గేటు దగ్గర నిలబడి అడిగాడు, "సార్, మావోడు దొంగతనమేమన్నా చేసినాడా?" అని. ఏం చెప్పాలో నాకు తెలియలేదు.

జిమ్ ఆయన్ని వెళ్ళి అడిగితే నేను ప్రొటీన్ పౌడరే ఇచ్చానన్నాడు. బిల్లు లేదు, సాక్ష్యం లేదు. నాలుగేళ్ళ బ్యాన్. 20 ఏళ్ళవాడికి నాలుగేళ్ళంటే ఏంటో నువ్వే లెక్కేసుకో, స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం దారి అక్కడితో మూసుకుపోయింది. దానికంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. బయటినుంచి హార్మోన్ వస్తున్నంత కాలం మెదడు "చాల్లే" అని వృషణాలకు సంకేతం పంపడం మానేస్తుంది, అవి చిన్నవైపోతాయి, వీర్యకణాలు పడిపోతాయి. కోర్సు ఆపేశాక మళ్ళీ మొదలవడానికి నెలలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. వాడికి దాదాపు ఏడాది పట్టింది. ఒంట్లో సత్తువ లేదు, దేని మీదా మనసు లేదు, ఛాతీ ఆడపిల్లలకి లాగా ఉబ్బింది, ఎండాకాలంలో కూడా చొక్కా విప్పేవాడు కాదు. పెళ్ళి చూపులు వద్దని ఎందుకంటున్నాడో ఇంట్లో వాళ్ళకి చెప్పలేడు, నాకొక్కడికే చెప్పాడు. బ్యాన్ అయిపోయి తిరిగొచ్చి వేస్తే పాత దూరానికి రెండు మీటర్లు తక్కువ పడింది. ఇప్పుడు టెంపో నడుపుతున్నాడు, మంచివాడు, కనిపిస్తే ఆగి టీ తాగించి పోతాడు.

ఇదంతా మగపిల్లల సంగతి. నీతో పాటు ప్రాక్టీస్ చేసే అమ్మాయిలకు ఎవరైనా ఇలాంటివి చెప్తే వెంటనే నాకు చెప్పు. వాళ్ళకు గొంతు మారిందంటే ఆపేసినా తిరిగి రాదు. ఇంకా ఎత్తు పెరిగే వయసు పిల్లలకు ఎముక చివర్లు ముందే మూసుకుపోయి అక్కడితో ఎత్తు ఆగిపోతుంది.

శాంపిల్ ఇవ్వడం ఎలా ఉంటుందో కూడా తెలుసుకో. రేస్ అయిపోయి నువ్వు ట్రాక్ మీద చతికిలబడి ఉన్నప్పుడు ఒకాయన వచ్చి పేరు అడిగి కాగితం మీద సంతకం చేయించుకుంటాడు. ఆ క్షణం నుంచి నువ్వు ఆయన కంటికి ఆనుతూనే ఉండాలి. గదిలో సీలు తీయని నీళ్ళ బాటిళ్ళు ఉంటాయి, మనవాళ్ళు ఇచ్చిన బాటిల్ తాగకూడదు. వరసగా పెట్టిన కిట్లలో నీకు నచ్చింది నువ్వే తీసుకోవాలి. బనియన్ ఛాతీదాకా ఎత్తి, షార్ట్స్ మోకాళ్ళ దాకా దించి, ఆయన నేరుగా చూస్తుండగా 90 మిల్లీలీటర్లు పోయాలి. 800 పరిగెత్తి ఒళ్ళంతా ఎండిపోయినవాడికి అది రాదు, రెండు గంటలు పడుతుంది, నా పిల్లలు ఆ గదిలో ఏడ్చారు కూడా. తర్వాత నీ చేత్తో నువ్వే 'ఏ', 'బీ' అని రాసిన రెండు బాటిళ్ళలో పోసి మూత తిప్పుతావు, టిక్ టిక్ టిక్ మని బిగుసుకుంటుంది, ఇక వెనక్కి తిరగదు, పగలగొడితేనే వస్తుంది. చివర్లో ఫారంలో గత 7 రోజుల్లో వాడిన మందులన్నీ రాయమంటారు. దగ్గు సిరప్ కూడా.

అందుకే నీ సిరప్ సంగతి. మన దగ్గర దగ్గుకి ఇచ్చే సిరప్‌లు చాలావాటిలో టెర్బుటాలిన్ అనే మందు ఉంటుంది, కఫం కరిగించే బ్రోమ్‌హెక్సిన్, గ్వాయ్‌ఫెనెసిన్‌తో కలిపి. టెర్బుటాలిన్ మీట్ ఉన్నా లేకున్నా ఎప్పుడూ నిషేధమే. 2019లో క్రికెటర్ పృథ్వీ షా ఇండోర్‌లో సయ్యద్ ముస్తాక్ అలీ టోర్నీ అప్పుడు ఇచ్చిన శాంపిల్‌లో దొరికింది ఇదే, దగ్గు సిరప్ తాగానన్నాడు, బీసీసీఐ ఆ మాట నమ్మింది కూడా, అయినా 8 నెలలు ఆపేశారు. అప్పుడతనికి 19, నీ వయసే. యూసుఫ్ పఠాన్‌కి కూడా టెర్బుటాలిన్‌తోనే 5 నెలలు పోయాయి. సీసా తీసి వెనక సన్న అక్షరాలు చదువు. టెర్బుటాలిన్ ఉంటే పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్ళి, నేను ఆటగాణ్ణి అని ముందే చెప్పి వేరేది రాయించుకో. మన దేశంలో డోపింగ్ పరీక్షలు చేసే సంస్థ నాడా, వాళ్ళ "నో యువర్ మెడిసిన్" యాప్ ఉంది, మందు పేరు కొడితే నిషేధమో కాదో చెప్తుంది, ఫోన్‌లో పెట్టుకో. నిజంగా ఆ మందే తప్పదని డాక్టర్ అంటే ముందుగా అనుమతికి దరఖాస్తు పెట్టుకునే పద్ధతి కూడా ఉంది.

ఇంకొకటి, మన జిల్లాలో మరీ ఎక్కువ. నీరసంగా ఉందని మీట్‌కి ముందు రోజు ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గరికి వెళ్ళి సెలైన్ ఎక్కించుకోవడం. 12 గంటల్లో 100 మిల్లీలీటర్లకు మించి నరానికి ఎక్కిస్తే అది డోపింగే, ఆసుపత్రిలో నిజమైన చికిత్సలో భాగమైతే తప్ప. అందులో ఉన్నది ఉప్పునీళ్ళే అయినా సరే. అలాగే ఒళ్ళు రావడానికని ఇచ్చే మాత్రల్లో డెక్సామెథసోన్ అనే వేరే రకం స్టెరాయిడ్ కలుస్తుంది, అదీ పోటీ సమయంలో నిషేధం. పోటీ సమయమంటే ముందు రోజు రాత్రి 11:59 నుంచి లెక్క. మోకాలికి వేసే స్టెరాయిడ్ సూది కూడా ఈ లెక్కలోకే వస్తుంది. ఆయుర్వేదం పేరుతో డబ్బా మీద పులి బొమ్మ వేసి అమ్మే బలం చూర్ణాలు మరీ ప్రమాదం, అందులో ఏం కలిపారో రాయరు.

ఇవన్నీ ఎందుకు చెప్తున్నానంటే, మన దగ్గర డోపింగ్ ఆ పేరుతో రాదు. బలం మందు అని, కోర్సు అని, దగ్గు మందు అని, మన మంచి కోరేవాళ్ళ చేతుల్లోంచే వస్తుంది. రూల్ మాత్రం ఎవరిచ్చారని ముందు అడగదు, నీ ఒంట్లో ఉందా లేదా అని అడుగుతుంది. 2010 ఢిల్లీ కామన్వెల్త్‌లో 4×400 రిలే బంగారం గెలిచిన టీమ్‌లో అశ్విని అక్కుంజి, మన్‌దీప్ కౌర్, సిని జోస్ ఉన్నారు. దేశమంతా చప్పట్లు కొట్టింది, నేను నా పిల్లల్ని కూర్చోబెట్టి ఆ రేస్ చూపించాను. మరుసటి ఏడాది ఆ ముగ్గురూ, ఇంకో ముగ్గురు అమ్మాయిలూ స్టెరాయిడ్‌తో దొరికారు. కోచ్ చైనాలో కొనిచ్చిన జిన్‌సెంగ్‌లో ఉందని చెప్పారు. ముందు ఏడాది శిక్ష పడింది, తర్వాత అంతర్జాతీయ క్రీడా కోర్టు దాన్ని రెండేళ్ళు చేసింది, లండన్ ఒలింపిక్స్ పోయింది. నేషనల్ క్యాంపులో, విదేశీ కోచ్ చేతి కింద ఉన్నవాళ్ళకే అది జరిగింది. నీకు మందిచ్చేది జిమ్ అన్న.

"అందరూ చేసుకుంటున్నారు" అనే మాట నాకు ఒళ్ళుమంట. 2023లో మన దేశంలో 5,606 శాంపిల్స్ పరీక్ష చేస్తే 213 శాంపిల్స్‌లో నిషేధ మందు దొరికింది. ఎక్కువ పరీక్షలు చేసే దేశాల్లో ఆ ఏడాది ఇంత శాతం ఎవరికీ లేదు, సిగ్గుపడాల్సిన లెక్కే. అదే ఏడాది సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్ర మీట్‌కి నాడా వాళ్ళు వచ్చారని తెలియగానే సగం మంది మాయమైపోయారు, మగవాళ్ళ 100 మీటర్ల ఫైనల్‌లో ఒక్కడే పరిగెత్తాడు, బాత్రూముల్లో సిరంజీలు దొరికాయి. శాంపిల్ ఇవ్వకుండా పారిపోయినా శిక్ష నాలుగేళ్ళే అని ఆ పిల్లలకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్‌లో కూడా శాంపిల్స్ తీసుకుంటారు, అక్కడా విద్యార్థులు దొరికారు, కాబట్టి మన స్థాయికి ఎవరొస్తారులే అనుకోకు. కానీ ఆ 5,606లో దొరకనివాళ్ళు ఎంతమందో కూడా చూడు. అందులో కొందరు తప్పించుకునే ఉంటారు, నాకూ తెలుసు. అయినా నా కళ్ళముందు పెరిగి నేషనల్స్‌కి వెళ్ళిన పిల్లల్లో చాలామంది చెనిక్కాయ ఉండలు, రాగిసంగటి, గుడ్లు తిని వెళ్ళినవాళ్ళే.

నీకు చెప్పిన సూదుల్లో రేస్ రోజు వేసుకునేది ఒకటుందని రాశావు, "ఒక్కసారి వేస్తే అలుపే తెలీదు" అని. అది మెఫెంటెర్మిన్ అయ్యుంటుందని నా అనుమానం. ఆపరేషన్ బల్ల మీద బీపీ పడిపోయిన మనిషికి డాక్టర్లు ఇచ్చే మందది. గుండెను పరిగెత్తిస్తుంది, అలుపు తెలియనివ్వదు. అలుపు తెలియకపోవడమే ప్రమాదం, ఒంట్లో వేడి పెరుగుతోందని చెప్పే గొంతు నొక్కేస్తుంది. 1967లో టూర్ ద ఫ్రాన్స్‌లో టామ్ సింప్సన్ అనే సైక్లిస్టు మండే ఎండలో వాంటూ కొండ ఎక్కుతూ పడిపోయి చనిపోయాడు, ఒంట్లో దొరికింది ఇదే జాతి మందు, ఆంఫెటమిన్. మే నెలలో తిరుపతి ఎండ ఎలా ఉంటుందో నీకు నేను చెప్పాలా?

మరి ఏం చేయాలి సార్ అంటావు. ముందు రక్తపరీక్ష చేయించుకో, హిమోగ్లోబిన్‌తో పాటు ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ కూడా. మన పిల్లల్లో ఐరన్ తక్కువ ఉన్నవాళ్ళు చాలామంది. ఒక అమ్మాయి ఏడాదంతా టైమింగ్ తగ్గక ఏడుస్తుంటే చూపించాం, హిమోగ్లోబిన్ 9 ఉంది. డాక్టర్ రాసిన ఐరన్ మాత్రలు మూడు నెలలు వేసుకుంది, 400 మీటర్లలో రెండు సెకన్లకు పైగా తగ్గింది. ఐరన్ మాత్ర నిషేధం కాదు, కాఫీ నిషేధం కాదు, ఎనిమిది గంటల నిద్ర నిషేధం కాదు. నువ్వు రాత్రి ఒంటిగంట దాకా ఫోన్ చూసి పొద్దున అయిదింటికి లేస్తున్నానని నువ్వే రాశావు.

ఇక నీ రౌండ్లు. 55, 63. జిమ్ అన్నకి ఆ అంకెలు చెప్పావో లేదో గానీ, నేను ముందు చూసింది అవే. కెన్యా రన్నర్ రుడీషా 2012 లండన్ ఒలింపిక్స్‌లో 800 మీటర్లు 1:40.91తో ప్రపంచ రికార్డు కొట్టినప్పుడు మొదటి రౌండు 49.28, రెండోది 51.63. తేడా రెండు సెకన్ల చిల్లర. నీ తేడా 8 సెకన్లు. నువ్వు మొదటి 200 గుంపులో ముందుండాలని చచ్చేట్టు పరిగెత్తి, 500 దాటగానే కాళ్ళు రాయిలా అయి, చివరి 100 ఈడ్చుకుంటూ వస్తున్నావు. ఏ సూదీ దాన్ని సరిచేయదు. మొదటి రౌండు 57 దగ్గర పట్టుకుంటే రెండోది 59లో రావడం నీ కాళ్ళకు కొత్తేమీ కాదు, అక్కడే 1:56 అయింది. దానికి వారంలో ఒకరోజు 600 మీటర్లు రేస్ స్పీడ్‌లో, ఒకరోజు 200లు ఒక్కొక్కటి సరిగ్గా 29కి, 28 వచ్చినా తప్పే. అలవాటయ్యేదాకా విసుగు పుడుతుంది.

సోమవారం పొద్దున అయిదున్నరకి తారకరామ స్టేడియానికి రా, స్పైక్స్ తెచ్చుకో. జిమ్‌లో ఏమన్నా ఇచ్చి ఉంటే ఆ డబ్బా, ఆ సిరప్ సీసా కూడా సంచిలో వేసుకుని రా. ముందు వాటి మీద ఏం రాసుందో ఇద్దరం కూర్చుని చదువుదాం, తర్వాత 200లు మొదలుపెడదాం. వాచీ నేను పట్టుకుంటాను.